స్మార్ట్ వెల్: బావి అడుగున వాల్వు, పైన లెక్క



ఎనిమిదో తరగతి సైన్సులో పెట్రోలియం గురించి చెప్పేటప్పుడు బోర్డు మీద ఒక బొమ్మ గీస్తాం. పైన గ్యాస్, మధ్యలో ఆయిల్, కింద నీళ్లు, వాటి మధ్యకు దిగిన ఒక పైపు. పిల్లలు ఆ బొమ్మను చక్కగా గీసి, పేర్లు రాసి మార్కులు తెచ్చుకుంటారు. కాస్త నిదానంగా చూసే పిల్లలు మాత్రం ఒక ప్రశ్న అడుగుతారు: "టీచర్, పైన గ్యాస్, కింద నీళ్లు ఉన్నప్పుడు పైపులోకి ఆయిల్ ఒక్కటే ఎట్లా వస్తది?"

జవాబు ఏమిటంటే, చాలా బావుల్లో ఆయిల్ ఒక్కటే రాదు. ఇవాళ కాకపోతే రేపు నీళ్లు వస్తాయి, గ్యాస్ వస్తుంది. అవి ఎప్పుడు రావాలి, ఎంత రావాలి, ఏ పొర నుంచి రావాలి అన్నది అదుపులో పెట్టుకోవడానికి సుమారు 30 ఏళ్ల కింద వచ్చిన పద్ధతే స్మార్ట్ వెల్. ఈ నెల పాఠం దాని గురించే.

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఆయిల్ బావులు లేవు. బోరుబావులు ఉన్నాయి. బోరు సంగతి తెలిసిన ఇంట్లో స్మార్ట్ వెల్ సగం అర్థమైనట్టే. మిగతా సగం కూడా అర్థమైతే మన బోరును చూసే తీరు మారవచ్చు. ఈ పాఠాన్ని తల్లిదండ్రుల పేజీలో రాయడానికి కారణం అదే.

భూమి లోపల ఆయిల్ చెరువు ఉండదు

ఆయిల్ భూమిలో ఒక పెద్ద గుహలో చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లం మనలోనూ కొందరం అలాగే అనుకుంటాం. నిజానికి అది రాయిలో ఉంటుంది. ఇసుకరాయి, సున్నపురాయి వంటి రాళ్లలో కంటికి కనిపించని సన్నని ఖాళీలు ఉంటాయి. తడి ఇసుకను గుప్పిట్లోకి తీసుకుంటే రేణువుల మధ్య నీళ్లు ఎలా దాగి ఉంటాయో, ఆ ఖాళీల్లో ఆయిల్ అలా దాగి ఉంటుంది. దాని మీద ఆయిల్‌ను పైకి పోనివ్వని గట్టి పొర ఒకటి మూతలా ఉంటుంది. ఇలాంటి రాతి పొరనే ఇంజనీర్లు రిజర్వాయర్ అంటారు. మన నాగార్జునసాగర్‌నూ రిజర్వాయర్ అనే అంటాం కాబట్టి పిల్లలకు ఈ రెండింటి తేడా ఒకసారి చెప్పడం మంచిది.

ఆ రాతి మీద పైనున్న భూమి బరువు, చుట్టూ ఉన్న నీళ్ల ఒత్తిడి పనిచేస్తుంటాయి. బావి తవ్వగానే ఆ ఒత్తిడి వల్ల ఆయిల్ బావి వైపు కదులుతుంది. బావి దగ్గర ఒత్తిడి ఎంత తగ్గిస్తే ఆయిల్ అంత వేగంగా వస్తుంది. అసలు చిక్కు కూడా ఈ వేగంతోనే మొదలవుతుంది.

తొందరపడితే ఏమవుతుంది

నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి మామూలుగా కిందే ఉంటాయి. బావి నుంచి మరీ గట్టిగా లాగితే, సరిగ్గా బావి కింద ఉన్న నీళ్లు పైకి ఉబ్బుతాయి. కల్లంలో వడ్లు రాశి పోస్తే మధ్యలో మొన తేలినట్టు, ఆ నీళ్ల మొన పైకి లేచి బావిని అందుకుంటుంది. దీన్ని వాటర్ కోనింగ్ అంటారు. పైనున్న గ్యాస్ కూడా ఇలాగే కిందికి మొన దించుతుంది.

నీళ్లు ఒకసారి దారి చేసుకున్నాక అవి సులువుగా వదలవు. చాలా రకాల ముడి చమురు నీళ్ల కంటే చిక్కగా ఉంటుంది. పలుచని నీళ్లు ముందు పరుగెత్తుతాయి, చిక్కని ఆయిల్ రాతిలోనే వెనకబడిపోతుంది. ప్రపంచం మొత్తం మీద సగటు చూస్తే, భూమిలో ఉన్న ఆయిల్‌లో మూడో వంతు మాత్రమే పైకి వస్తుందని అంచనా. మిగతాది అక్కడే ఉండిపోతుంది. అలా ఉండిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. నీళ్లు తప్పుడు దారిలో ముందే రావడం వాటిలో ఒకటి.

ఇంకో చిక్కు ఉంది. ఒక బావి ఒకే పొర గుండా పోదు. మూడు నాలుగు పొరలను దాటుకుంటూ పోతుంది. ఒక్కో పొరలో ఒత్తిడి ఒక్కో తీరుగా ఉంటుంది. పాత పద్ధతిలో అన్ని పొరల నుంచి వచ్చినదంతా ఒకే పైపులో కలిసి పైకి వస్తుంది. పైన చూసేవారికి "నూటికి 40 పాళ్లు నీళ్లు" అని తెలుస్తుంది గానీ, ఆ నీళ్లు ఏ పొర నుంచి వస్తున్నాయో తెలియదు. మా టీచర్ల భాషలో చెప్పాలంటే ఇది క్లాసు సగటు మార్కు లాంటిది. సగటు 60 అని తెలిసినంత మాత్రాన ఏ పిల్లవాడికి సాయం కావాలో తెలియదు.

తెలుసుకోవాలంటే ఉత్పత్తి ఆపి, బావి మీదికి రిగ్గు తెచ్చి, లోపలికి పరికరాలు దించి కొలవాలి. తరువాత చెడిన పొరను సిమెంటుతోనో మరో విధంగానో మూయాలి. నేల మీద ఉన్న బావికే ఇది ఖర్చుతో కూడిన పని. సముద్రం అడుగున ఉన్న బావికైతే ప్రత్యేకమైన ఓడే రావాలి.

స్మార్ట్ వెల్‌లో ఏముంటుంది

స్మార్ట్ వెల్ అంటే లోపల ఏం జరుగుతోందో పైకి చెప్పగలిగే బావి, పైనుంచి చెప్పిన మాట లోపల అమలు చేయగలిగే బావి. దీనిలో ముఖ్యమైన భాగాలు ఐదు.

1. ప్యాకర్: పైపు చుట్టూ ఉబ్బి, పైపుకూ బావి గోడకూ మధ్య సందును మూసేసే బిగువైన పట్టీ. దీనివల్ల ఒక్కో పొర ఒక్కో గదిలా విడిపోతుంది. ఒక పొరలోని నీళ్లు ఇంకో పొరలోకి పోవు.

2. సెన్సర్: ప్రతి గదిలో ఒత్తిడిని, వేడిని కొలిచే పరికరం. చాలావాటిలో మన చేతి గడియారంలో ఉండే క్వార్ట్జ్ స్ఫటికమే పనిచేస్తుంది. కొన్ని బావుల్లో ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే లాంటి ఫైబర్ తీగను పైనుంచి కింది దాకా దించుతారు. ఆ తీగ పొడవునా ఎక్కడ ఎంత వేడి ఉందో తెలుస్తుంది. లోతు నుంచి వచ్చే నీళ్లు వేడిగా ఉంటాయి, గ్యాస్ వ్యాకోచిస్తే సాధారణంగా చల్లబడుతుంది. కాబట్టి వేడిలో వచ్చిన తేడాను బట్టి ఏ పొర నుంచి ఏం వస్తోందో ఊహించవచ్చు.

3. వాల్వు: ప్రతి గదికి ఒక తలుపు. కొన్ని పూర్తిగా తెరుచుకుంటాయి లేదా పూర్తిగా మూసుకుంటాయి. కొన్నింటిని ఫ్యాన్ రెగ్యులేటర్‌లా అంచెలంచెలుగా తిప్పవచ్చు.

4. కంట్రోల్ లైన్లు: పైపు వెంబడి పైనుంచి కింది దాకా సాగే సన్నని ఉక్కు గొట్టాలు, కరెంటు తీగలు. గొట్టంలోని ద్రవం మీద పైనుంచి ఒత్తిడి పెడితే కింద వాల్వు కదులుతుంది. జేసీబీ తొట్టి కదిలేది కూడా ఈ హైడ్రాలిక్ సూత్రంతోనే.

5. పైనున్న కంప్యూటరు, దాని ముందు కూర్చున్న ఇంజనీరు: కింద నుంచి వచ్చిన కొలతలను రిజర్వాయర్ నమూనాతో పోల్చి, ఏ వాల్వు ఎంత తెరవాలో నిర్ణయించేది వీరే.

మన ఊళ్లలోని పెద్దవారికి దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. స్మార్ట్ వెల్‌లోని వాల్వు చెరువు తూము లాంటిది. పానగల్లు ఉదయసముద్రం వంటి చెరువులను వందల ఏళ్ల కింద కట్టినవారికి, నీళ్లు నిలపడం ఎంత ముఖ్యమో వాటిని లెక్కగా వదలడం కూడా అంతే ముఖ్యమని తెలుసు. తూము ఎప్పుడు తీయాలి, ఏ కాలువకు ఎంత వదలాలి అని చూసుకోవడానికి ఊరికి ఒక నీరటి ఉండేవాడు. నీరటి చెరువు మట్టాన్ని కంటితో చూసేవాడు. స్మార్ట్ వెల్‌లో మట్టం రెండు మూడు కిలోమీటర్ల లోతులో ఉంటుంది కాబట్టి ఆ కన్ను స్థానంలో సెన్సర్ వచ్చింది. చేసే పని మాత్రం అదే.

దీనివల్ల లాభాలేమిటి? ఒక పొరలో నీళ్లు మొదలైతే రిగ్గు తేకుండా ఆ ఒక్క పొరనే మూయవచ్చు లేదా తగ్గించవచ్చు. వేర్వేరు ఒత్తిడులున్న రెండు పొరలను ఒకే బావిలో తగిన పాళ్లలో కలిపి తీయవచ్చు. పైన గ్యాస్ పొర ఉంటే, ఆ గ్యాస్‌ను కొద్దికొద్దిగా పైపులోకి వదిలి కింది ఆయిల్‌ను తేలిక చేసి పైకి తేవచ్చు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పరికరాలకు ఖర్చు ఎక్కువ. లోపలి వేడికి, ఉప్పు పేరుకుపోవడానికి, ఇసుక రాపిడికి వాల్వులు బిగుసుకుపోవచ్చు, తీగలు చెడిపోవచ్చు. అన్ని పొరల్లోనూ ఒకేసారి నీళ్లు వస్తే ఏ వాల్వు మూసినా పెద్దగా ప్రయోజనం ఉండదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, స్మార్ట్ వెల్ భూమిలో లేని ఆయిల్‌ను పుట్టించలేదు. ఉన్నదాన్ని తక్కువ నష్టంతో తీయడానికి సాయపడుతుంది, అంతే.

మొదట ఎక్కడ వచ్చింది

ఇలాంటి పూర్తి ఏర్పాటుతో మొదటి బావి 1997 ఆగస్టులో నార్వే వైపు ఉత్తర సముద్రంలోని స్నోర్రె క్షేత్రంలో మొదలైంది. సముద్రపు బావిలో ప్రతి మరమ్మతుకూ అయ్యే ఖర్చుతో పోలిస్తే ముందే వాల్వులు పెట్టుకోవడం మేలని అక్కడివారు లెక్క వేసుకున్నారు.

ఎడారిలోనూ ఇది పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చింది. సౌదీ అరేబియాలోని ఘవార్ క్షేత్రం దక్షిణ భాగం హరద్. అక్కడి మూడో దశ 2006లో మొదలైంది. 32 బావులతో రోజుకు 3 లక్షల బ్యారెళ్లు తీయాలని ఆ ప్రాజెక్టు లక్ష్యం. ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. ఆ బావులు నిటారుగా దిగి ఆగిపోయేవి కావు. లోపలికి దిగాక చెట్టు వేర్లలా అడ్డంగా కొమ్మలు వేస్తాయి. ఏ కొమ్మలో నీళ్లు మొదలైతే ఆ కొమ్మకు వాల్వు తగ్గిస్తారు, మిగతా కొమ్మలు పనిచేస్తూనే ఉంటాయి.

మన తీరంలో: కృష్ణా–గోదావరి బేసిన్

తెలుగువారికి దగ్గరలో ఉన్న ఆయిల్, గ్యాస్ ప్రాంతం కృష్ణా–గోదావరి బేసిన్. 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో ఓఎన్‌జీసీ తవ్వకాలు మొదలయ్యాయి. బావి అదుపు తప్పితే ఎలా ఉంటుందో కోనసీమ 1995లో చూసింది. ఆ ఏడు జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. అలాంటి ప్రమాదాన్ని ఆపే పరికరాలు వేరు, ఈ పాఠంలోని వాల్వులు వేరు. అయినా భూమి లోపలి ఒత్తిడి ఎంత బలమైనదో పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

మన పాఠానికి ఎక్కువ దగ్గరైనది సముద్రంలోని కేజీ–డీ6 కథ. రిలయన్స్ సంస్థ అక్కడ 2002లో గ్యాస్ కనుగొంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ దగ్గరి గాడిమొగ వద్ద ఒడ్డుకు చేరిన గ్యాస్ పైపులైనులో తెలంగాణ మీదుగా గుజరాత్ దాకా పోయేది. 2010లో ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. తరువాత ఏడాదికేడాది పడిపోయింది. బావుల్లోకి నీళ్లు, ఇసుక రావడం, ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో బావినే మూసుకుంటూ వచ్చారు. మొదట తెరిచిన రెండు పెద్ద క్షేత్రాలు, డీ1, డీ3, 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయాయి.

ఉత్పత్తి ఎందుకు అంతగా పడిపోయిందన్న దాని మీద ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య వాదన ఆర్బిట్రేషన్ దాకా వెళ్లింది. ఆ తీర్పు మన పని కాదు. స్మార్ట్ వాల్వులు ఉంటే ఆ క్షేత్రం నిలిచేదని చెప్పడమూ సరికాదు. పిల్లలు గమనించవలసింది ఒక్కటే. భూమి లోపల ఎంత ఉందన్నది ఎప్పుడూ ఒక అంచనా. ఉత్పత్తి మొదలయ్యాక వచ్చే ప్రతి కొలతతో ఆ అంచనాను దిద్దుకుంటూ పోవాలి.

ఆ తీరంలో పని ఆగలేదు. డీ6లోనే కొత్త క్షేత్రాలు 2020 డిసెంబరు నుంచి గ్యాస్ ఇస్తున్నాయి. కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఓఎన్‌జీసీ లోతు సముద్రపు క్షేత్రం నుంచి 2024 జనవరిలో మొదటి ఆయిల్ వచ్చింది. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటున్నాం. ఉన్న కొద్ది బావుల నుంచి వృథా లేకుండా తీయడం మనకు ఎంత అవసరమో దీన్ని బట్టి తెలుస్తుంది.

మన బోరులో ఏం జరుగుతోంది

ఇప్పుడు మన ఇంటి వెనకాల ఉన్న బోరు దగ్గరికి వద్దాం.

మన వైపు నేల కింద మొదట మట్టి, తరువాత మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కింద పగుళ్లు అరుదైన గట్టి బండ ఉంటాయి. కేసింగ్ పైపు గట్టి రాయి తగిలే దాకే ఉంటుంది. ఆ కింద అంతా రాతిలో తొలిచిన ఉత్త రంధ్రమే. వేర్వేరు లోతుల్లోని పగుళ్ల నుంచి నీళ్లు ఆ రంధ్రంలోకి చేరతాయి. అంటే మన బోరు కూడా చాలా పొరల బావే. మోటరు నుంచి "రెండు ఇంచుల నీళ్లు" వస్తున్నాయని చెప్పగలం గానీ ఏ పగులు ఎంత ఇస్తోందో చెప్పలేం. ఇక్కడ కూడా మనకు తెలిసేది క్లాసు సగటే.

దీన్ని కొలిచి చూసిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీది చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఒక ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడ గ్రానైటులో అనేక బోర్లు వేసి, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి వాటిలోకి ప్రవాహం కొలిచే పరికరాలు దించి ఏ పగులు ఎంత నీరిస్తోందో చూశారు. నీరిచ్చే పగుళ్లు ఎక్కువగా పై భాగంలోనే ఉన్నాయని, లోతుకు పోయేకొద్దీ అరుదవుతాయని తేలింది. ఇంకో ముఖ్యమైన సంగతీ బయటపడింది. నీటి మట్టం పైన ఉన్నప్పుడు చుట్టుపక్కల బోర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మట్టం పడిపోయినప్పుడు ఆ కలయిక తెగి, ఎక్కడికక్కడ విడి గుంతల్లా అయిపోతాయి.

ఈ మాట మన ఇళ్లలో చర్చకు రావాలి. బోరు ఎండినప్పుడు మనకు తోచే మొదటి ఆలోచన ఇంకా లోతుకు వేయించడం. 300 అడుగుల్లో లేకపోతే 600, అదీ కాకపోతే 1000. దానికోసం అప్పు చేసిన ఇళ్లు మనలో ఎవరికీ కొత్త కాదు. కొన్నిసార్లు లోతైన పగులు తగిలి నీళ్లు పడతాయి కూడా. కానీ లోతు పెరిగినకొద్దీ నీళ్లు పెరుగుతాయన్న నమ్మకానికి మన రాతిలో ఆధారం తక్కువ. పైపొరలో మిగిలిన నీటిని నిదానంగా వాడుకోవడం, వానాకాలంలో దాన్ని తిరిగి నింపుకోవడం చాలాచోట్ల ఎక్కువ నమ్మదగిన దారి.

నీళ్ల నాణ్యత సంగతి కూడా ఇంతే. నల్గొండ జిల్లాకు ఫ్లోరైడ్ బాధ కొత్త కాదు. ఫ్లోరైడ్ గ్రానైటులోని ఖనిజాల నుంచే నీళ్లలోకి వస్తుంది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా అనుమతి అని మన దేశ ప్రమాణం. రుచి చూసి దీన్ని చెప్పలేం. పరీక్ష చేయించాల్సిందే.

ఆటోమేటిక్ వేరు, స్మార్ట్ వేరు

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకు ముందు కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే నడిచేది. కరెంటు రోజంతా ఉన్నప్పుడు ఆ స్టార్టర్ ఉంటే మోటరు రోజంతా నడుస్తుంది, భూగర్భ జలం పడిపోతుంది. అందుకే ప్రభుత్వం వాటిని తీసేయమని ఊరూరా ప్రచారం చేసింది.

పిల్లలకు ఈ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆటో స్టార్టర్ ఆటోమేటిక్. అది స్మార్ట్ కాదు. కరెంటు ఉందా అని మాత్రమే అది చూస్తుంది. నీళ్లు ఉన్నాయా, అవసరం ఉందా అని చూడదు. కొలిచి, ఆలోచించి, అవసరమైతే తగ్గించగలిగినదే స్మార్ట్.

ఆ పని చేయడానికి ఖరీదైన సెన్సర్లే కావాలని లేదు. 2003లో మొదలైన ఒక కార్యక్రమం ఇందుకు ఉదాహరణ. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, నల్గొండతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల యాజమాన్యం పేరుతో అది నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీనికి తోడ్పడింది. 600కు పైగా ఊళ్లలో రైతులే, వారిలో ఎందరో మహిళలు, వాన ఎంత కురిసిందో, ఎంచుకున్న బోర్లలో మట్టం ఎంతుందో క్రమం తప్పకుండా కొలిచి గోడ మీది బోర్డుల్లో రాసేవారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టేవారు. ఏ పంట వేయాలో ఎవరూ బలవంతం చేయలేదు. లెక్క కళ్ల ముందు ఉంది కాబట్టి చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్ల పంటల వైపు మళ్లారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశ భూగర్భ జలాల మీద ఇచ్చిన నివేదికలో ఈ అనుభవం చోటు చేసుకుంది.

స్మార్ట్ వెల్ భాగాలతో పోల్చి చూడండి. తాడు, టేపు సెన్సర్ పని చేశాయి. గోడ మీది బోర్డు కంప్యూటరు తెర అయింది. రైతు తీసుకున్న నిర్ణయమే వాల్వు.

ఇంట్లో చేసి చూడండి

ప్రయోగం 1: తొందర, నిదానం. పొడవాటి గాజు గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి రెండు చుక్కల నీలం సిరా కలపండి. పైన రెండు వేళ్ల మందాన వంట నూనె నెమ్మదిగా పోయండి. సూది లేని పెద్ద సిరంజి మొనను నూనెలోనే, నీళ్లకు కాస్త పైన ఉంచి మెల్లగా లాగమనండి. నూనె మాత్రమే వస్తుంది. ఇంకోసారి అదే చోట పెట్టి ఒక్కసారిగా గట్టిగా లాగమనండి. నీలం నీళ్లు మొన తేలి సిరంజిలోకి ఎక్కుతాయి. అదే వాటర్ కోనింగ్. మొనను నీళ్లకు ఎంత దగ్గరగా పెడితే ఏమవుతుందో పిల్లలే కొలిచి పట్టిక రాయాలి.

ప్రయోగం 2: బోరు డైరీ. మోటరు పెద్దవారే వేయాలి. పిల్లలు ఫోనులో సమయం చూస్తారు. 15 లీటర్ల బకెట్టు నిండడానికి మోటరు వేసిన వెంటనే ఎన్ని సెకన్లు పట్టింది, అరగంట తరువాత ఎన్ని సెకన్లు పట్టింది? 20 సెకన్లయితే నిమిషానికి 45 లీటర్లు. వారానికి ఒకసారి, ఒకే రోజున ఇలా రాసి మూడు నెలలకు గ్రాఫు గీయమనండి. గీత కిందికి జారుతుంటే బోరు ఎండే లోపే మీకు తెలుస్తుంది.

జాగ్రత్తలు: పిల్లలు స్టార్టర్ డబ్బాను ముట్టుకోరాదు, బోరు మూత తీయరాదు. మీ పొలంలోనో ప్లాటులోనో వదిలేసిన బోరు ఉంటే ఇవాళే దానికి గట్టి మూత బిగించండి.

పిల్లలు అడిగే మూడు ప్రశ్నలు

*మన ఊరి కింద ఆయిల్ ఎందుకు లేదు?* మన గ్రానైట్లు చాలావరకు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. కరిగిన శిల చల్లబడి గట్టిపడ్డ రాళ్లవి. ఆయిల్ ఎక్కువగా పాత సముద్రాల అడుగున పేరుకున్న జీవుల అవశేషాల నుంచి, మట్టి, ఇసుక పొరల్లో తయారవుతుంది. చురుకైన పిల్లలకు ఒక విడ్డూరం కూడా చెప్పండి. వియత్నాంలోని బాచ్ హో క్షేత్రంలో ఆయిల్ గ్రానైటు పగుళ్లలోనే ఉంది. అది అక్కడ పుట్టింది కాదు, పక్క పొరల నుంచి చేరింది.

*మన బోరుకు స్మార్ట్ వాల్వు పెట్టవచ్చా?* పొరపొరకూ వాల్వు పెట్టడం ఇంటి బోరుకు ఖర్చు దండగ. ట్యాంకు నిండగానే మోటరు ఆపే పరికరం, నీళ్లు లేకుండా మోటరు నడవకుండా చూసే పరికరం, డ్రిప్పు, పైన చెప్పిన డైరీ సరిపోతాయి.

*ఇవి ఎక్కడ చదవాలి?* పెట్రోలియం ఇంజనీరింగ్ కోసం విశాఖపట్నంలో 2016లో మొదలైన జాతీయ సంస్థ ఐఐపీఈ ఉంది. ధన్‌బాద్ ఐఐటీలోనూ ఈ కోర్సు ఉంది. నీళ్ల వైపు ఆసక్తి ఉంటే జియాలజీ, హైడ్రోజియాలజీ చదవవచ్చు. రెండింటికీ గణితం, భౌతికశాస్త్రం పునాది.

ప్రయోగాల పట్టికలను, బోరు డైరీలను పిల్లల చేత సైన్సు నోటుబుక్కులోనే రాయించి పంపండి. వేర్వేరు ఊళ్ల గ్రాఫులను క్లాసులో పక్కపక్కన పెట్టి చూస్తాం. ఏ ఊరి బోరు ఎంత వేగంగా తగ్గుతోందో పిల్లలే లెక్క కట్టి మీకు చెబుతారు.